గురువారం వరండా

అందరూ జాలిపడ్డారు

మెంటల్ ఓపీడీలో పోస్టింగ్ పడిందని ఏడుపు గొంతుతో నాకు ఫోన్ చేసే నర్సు పిల్లలకి నేను చెప్పే మాట ఒక్కటే: అమ్మాయ్, నీకు లాటరీ తగిలింది! వాళ్ళు నమ్మరు. ఊరుకోబెట్టడానికి అంటున్నాననుకుంటారు. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైనదాన్ని. ఆపరేషన్ థియేటర్ చూశాను, కాన్పుల గది చూశాను, కాలిన గాయాల వార్డు చూశాను. రేపు ఎవరైనా మళ్ళీ డ్యూటీకి రమ్మంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకెళ్ళేది మాత్రం రిసాలిలోని ఆ ఓపీడీకే.

ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరి సంతకం కోసం ఎన్నిసార్లు తిరిగానో ఇక్కడ రాయను. అవి మీకూ ఎలాగూ తప్పవు. ఆ ఉద్యోగం నాకేం నేర్పిందో, నేనెక్కడ ఘోరంగా తప్పు చేశానో, అది రాస్తాను.

నా పేరు రూతు. మాది పార్వతీపురం దగ్గర పల్లె. మా ఆయనకి భిలాయి ఉక్కు ప్లాంటులో పని దొరికితే ఆయన వెంట వచ్చి, అక్కడే రిసాలిలో ఒక ట్రస్టు వాళ్ళు నడిపే చిన్న ఆస్పత్రిలో చేరాను. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైందని వీధివీధినా మిఠాయిలు పంచుకున్న రోజులు గడిచి ఇంకా ఎంతో కాలం కాలేదు. అప్పుడు నన్ను సర్జరీ వార్డు నుంచి మానసిక విభాగానికి మార్చారు. తోటి నర్సులు నన్ను పలకరించడానికొచ్చారు, చావు ఇంటికి వచ్చినట్టు! ఒకావిడైతే నా చెయ్యి పట్టుకుని, "ప్రార్థన చేస్తాంలే రూతూ" అంది.

డాక్టర్ మిశ్రాజీ పక్క ఊరు దుర్గ్ నుంచి సోమవారం, గురువారం వచ్చేవారు. మంచి డాక్టరు. మనిషికి మూడు నిమిషాలు. అంతకంటే ఇస్తే వరండాలో ఉన్న యాభై మందీ సాయంత్రం దాకా కూర్చోవాలి. నా పని బీపీ చూడ్డం, బరువు చూడ్డం, సూది వెయ్యడం, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం. ఇదంతా వారంలో వచ్చేస్తుంది. రానిది ఏమిటంటే, మనుషుల్ని చూసీ చూడనట్టు చూడ్డం. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది వెనక గేటు నుంచి వచ్చేవారు. ఎవరైనా తెలిసినవాళ్ళు ఎదురైతే "షుగర్ టెస్టుకొచ్చాను" అనేవారు. భిలాయిలో అన్ని షుగర్ టెస్టులు ఇంకెక్కడా జరిగి ఉండవు.

మిశ్రాజీ కారు ఆగిపోయిన రోజు

మే నెల. ఎండ పెళపెళలాడిపోతోంది. ఆ గురువారం మిశ్రాజీ కారు దుర్గ్ రోడ్డు మీద చెడిపోయి, రెండు గంటలకి రావలసిన మనిషి ఐదైనా రాలేదు. వరండాలో ఒక కూలరు, దాని ముందు జనం.

అందులో జోగారావు ఉన్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి, ప్లాంటులో క్రేను నడిపేవాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఆరు నెలలుగా మా దగ్గరికి వస్తున్నాడు. డిప్రెషన్. ఆరు నెలల్లో నేను విన్న మాట "ఊఁ" ఒక్కటే. అన్నం తిన్నావా అంటే ఊఁ, నిద్ర పట్టిందా అంటే ఊఁ. మిగతా కబురంతా పక్కన నిలబడి వాళ్ళావిడ అప్పలనర్సమ్మే చెప్పేది. ఆ రోజు ఆవిడ రాలేదు.

ఆయన పక్కన ప్రీతి కూర్చుంది. కూర్చుంది అనడం అబద్ధం. ఆ పిల్ల కూర్చోలేదు. లేస్తుంది, వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తుంది, మళ్ళీ వస్తుంది. ఇరవై రెండేళ్ళు. తాతది బొబ్బిలి, తను పుట్టింది మాత్రం ఇక్కడే. తెలుగు కంటే హిందీ బాగా వచ్చు. సుపేలాలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేది. మందుల చీటీ పోగొట్టుకుని రావడం అది మూడోసారి. నేను నా ధోరణిలో, "మళ్ళీ పోయిందా? కాస్త జాగ్రత్త ఉండక్కర్లా?" అన్నాను. అంతే, ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కావాలని మర్చిపోను దీదీ. సచ్చీ. అందరూ అదే అంటారు, ఇంట్లో అదే, సెంటర్లో అదే. నేను కావాలని చెయ్యను."

నేను సూదుల ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అప్పుడు పక్క నుంచి గొంతు వినబడింది.

"కూకో గుంటా. నా సీటీ కూడా పోయింది."

జోగారావు! ఆ గొంతు ఆయనదని తెలియడానికి నాకు ఒక క్షణం పట్టింది. ప్రీతి కూర్చుంది. ఆయన ఆగి ఆగి అడిగాడు, "పొద్దున్న లెగుస్తావా నువ్వు?"

"లేవను అంకుల్. బ్రష్ చెయ్యడం కూడా పహాడ్, అదే కొండ, ఎక్కినట్టుంటుంది."

"నాను తోముకుని నాలుగు రోజులైంది."

"ఛీ!" అంది ప్రీతి, కన్నీళ్ళ మధ్యనే. ఆయన నవ్వాడు. పెద్దగా ఏం కాదు, ముక్కులోంచి బుస్సుమని గాలి వచ్చిందంతే. కానీ అది నవ్వే. నేను చూశాను! మందు మార్చి, మోతాదు మార్చి, ఆరు నెలలు పడిన కష్టానికి రాని నవ్వు, పోయిన చీటీకి వచ్చింది.

ఆ సాయంత్రం మోపెడ్ మీద ఇంటికెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగడం మర్చిపోయాను.

సోమవారం మిశ్రాజీతో చెప్పాను. వీళ్ళని కలిపి కూర్చోబెడదాం, వారానికి ఒక గంట చాలు అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సిస్టర్, ఈత రానివాళ్ళు ఇద్దరు ఒకరినొకరు పట్టుకుంటే ఏమవుతుంది?"

"మునుగుతారు సర్. కానీ వీళ్ళు నీళ్ళలో లేరు, వరండాలో ఉన్నారు."

ఆయన నవ్వలేదు. రెండు షరతులు పెట్టారు. నేను అక్కడే ఉండాలి. ఒకరి మాట విని ఇంకొకరు మందు మానడం, మార్చడం కుదరదు. ఈ రెండో షరతు బంగారం లాంటిది, ఇప్పటికీ అదే చెప్తాను. తోటివాళ్ళ తోడు మందుకి బదులు కాదు. మందు కూడా ఆ తోడుకి బదులు కాదు. ఈ చివరి ముక్క మిశ్రాజీ తర్వాత ఒప్పుకున్నారు.

నా ఉపన్యాసం

మొదటి గురువారం ఏడుగురు వచ్చారు. నేను రాత్రంతా కూర్చుని చార్టు రాసుకొచ్చాను, రంగురంగుల స్కెచ్ పెన్నులతో. మంచి ఆలోచనలు, చెడ్డ ఆలోచనలు అని రెండు గడులు. ముప్పావు గంట మాట్లాడాను. ఏడుగురూ నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. జోగారావు మళ్ళీ "ఊఁ"లోకి వెళ్ళిపోయాడు. ప్రీతి లేచి నడుస్తుంటే నేనే, "కూర్చోమ్మా, అందరికీ ఇబ్బంది" అన్నాను.

అప్పుడు మూల కుర్చీలోంచి ఒక చెయ్యి లేచింది. శేషగిరి గారు. ప్లాంటులో ఇంజినీరు, చదువుకున్న కుటుంబం, ముప్పై ఎనిమిదేళ్ళు. ఎప్పుడూ చెప్పిన టైముకి పది నిమిషాల ముందే వచ్చేవాడు. మొహంలోకి చూసేవాడు కాదు. ఆయనకీ డిప్రెషనే అని చీటీలో రాసి ఉంది.

"సిస్టర్, ఇది ఎన్నింటికి అయిపోతుంది? ఎవరు ముందు మాట్లాడాలి? మాట్లాడకపోతే తప్పా? ఆ ట్యూబులైటు గీపెడుతోంది, ఆర్పొచ్చా?"

నాకు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి చెప్తుంటే ఈయనకి ట్యూబులైటు గోల! కానీ నేను నోరు తెరిచేలోపే జోగారావు అందుకున్నాడు.

"బాగడిగినారు సారూ. నాకూ అదే బయిం. నా వొంతు ఎప్పుడొస్తాదో అని సెమట్లు పట్టేస్తన్నాయి."

"నేను నడవొచ్చా మరి?" అంది ప్రీతి.

నాకు సిగ్గేసింది. పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మీ ఎదురుగా ఉన్నవాళ్ళకి ఏం కావాలో మీ చార్టులో ఉండదు. అడిగితే చెప్తారు. అడగడానికి ఒక నిమిషం చాలు, నేను ముప్పావు గంట తగలేశాను.

చార్టు తిప్పి వెనక వైపు శేషగిరి గారి చేతికిచ్చాను. ఆయన అచ్చు వేసినట్టు రాశాడు. ఐదింటికి మొదలు, ఆరింటికి ఆఖరు, ఒక్క నిమిషం ఎక్కువ కాదు. మాట్లాడకుండా కూర్చోవచ్చు. నడవొచ్చు. అడగందే సలహా ఇవ్వకూడదు. ముట్టుకోకూడదు, భుజం తట్టడం కూడా. ఇక్కడి మాట ఇక్కడే ఉండాలి. అప్పుడు జోగారావు ఇంకొకటి కలిపించాడు. ఇంజినీరు గారు వరండాలోకి రాగానే జోగారావు అలవాటు కొద్దీ లేచి నిలబడేవాడు. "అది నాకు కష్టంగా ఉంది, మానండి" అని శేషగిరి గారు మొహం మీదే అనేశాడు. "అలగైతే రాసీండి బాబూ, ఎవులూ లెగకూడదని" అన్నాడు జోగారావు. రాశారు. ఆ రోజు నుంచి "సారూ" పోయి "బాబూ" వచ్చింది.

ట్యూబులైటు ఆర్పేశాం. సాయంత్రం వెలుతురు చాలింది.

ఇంజినీరు గారికి పేరొచ్చింది

ఆ తర్వాతి గురువారాలు! ఎలా చెప్పను? కొన్నిసార్లు గంటసేపూ ఎవరూ మాట్లాడేవారు కాదు, అయినా వెళ్ళేటప్పుడు ఒళ్ళు తేలికైనట్టు వెళ్ళేవారు. కొన్నిసార్లు మాటలు వరద.

ఒకరోజు శేషగిరి గారు చెప్పాడు. చిన్నప్పటి నుంచీ పెళ్ళిళ్ళంటే భయం, జనం అంటే భయం. సైరన్ మోగితే పళ్ళు బిగబట్టుకుంటాడు. క్యాంటీన్లో అందరూ ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక, వాళ్ళతో పాటు నవ్వడం అద్దం ముందు నేర్చుకున్నాడట. "సాయంత్రానికి ఇంకేం మిగలదు" అన్నాడు. "ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటాను."

ప్రీతి నడక ఆపేసింది. "అరే! ఆప్ తో మేరే ఉల్టే హో" అంది. మీరు నాకు పూర్తిగా తిరగేసిన మనిషి అని. "మీరు కదలరు, నేను ఆగను. కానీ సాయంత్రానికి నాకూ ఏం మిగలదు. రోజంతా మామూలు అమ్మాయిలా యాక్టింగ్ చేసి చేసి."

శేషగిరి గారు మొదటిసారి తల ఎత్తి ఆ పిల్ల వైపు చూశాడు. "అవును. అదే. యాక్టింగ్" అన్నాడు.

ఇప్పుడు దీనికి న్యూరోడైవర్జెన్స్ అని మాట వచ్చింది, మెదడు కొందరిలో వేరే తీరులో నడుస్తుందని చెప్తున్నారు. అప్పుడు మాకెవరికీ ఆ మాట తెలీదు. కానీ నేను విన్నది విన్నట్టు మిశ్రాజీకి చెప్పొచ్చా అని ఇద్దర్నీ అడిగి, వాళ్ళు సరే అన్నాక చెప్పాను. ఇక్కడ ఆయన్ని మెచ్చుకోవాలి. చిన్నబుచ్చుకోలేదు. పుస్తకాలు తిరగేశారు. ప్రీతికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాసా నిలకడా కుదరనిది, కావచ్చు, అది పెద్దయ్యాక కూడా ఉంటుంది, నేనే ఆ వైపు ఆలోచించలేదు అన్నారు. ఇంజినీరు గారిని నాగపూర్‌లో తెలిసిన డాక్టరు దగ్గరికి పంపారు. తనకి తెలియనిది తెలియదని చెప్పే బాస్ దొరికితే, పిల్లలూ, ఆయన కసురుకున్నా ఓర్చుకోండి.

నాగపూర్ నుంచి వచ్చిన గురువారం శేషగిరి గారు పది నిమిషాల ముందు కాదు, అరగంట ముందే వచ్చి కూర్చున్నాడు. సరిగ్గా ఐదవగానే జేబులోంచి కాగితం తీశాడు.

"నాకు పేరొచ్చింది" అన్నాడు.

"ఏం పేరు?"

"ఆటిజం. పుట్టినప్పటి నుంచీ ఉందట. ఇన్నేళ్ళూ నేను చెడ్డవాణ్ణనుకున్నాను. కాదట!"

ప్రీతి గెంతింది! నిజంగానే గెంతింది. ముట్టుకోకూడదు కాబట్టి వరండా చివరి దాకా పరిగెత్తి వెనక్కొచ్చింది. ఆ తర్వాత గేటు బయటికెళ్ళి వేడివేడి జలేబీలు పట్టుకొచ్చింది. పరీక్ష పాసైనట్టు అందరం తిన్నాం. శేషగిరి గారు కాగితం మడతపెట్టి, విప్పి, మళ్ళీ చదువుకున్నాడు.

అందరికీ పేరు మందులా పనిచెయ్యదు. జోగారావు జలేబీ తింటూనే అన్నాడు, "నాకు పేరొద్దు బాబూ. నిద్దర కావాల." అదీ నిజమే. పేరు కావలసినవాళ్ళకి వెతికిపెట్టండి, అక్కర్లేనివాళ్ళకి అంటించకండి.

కూరల బజారులో చేసిన తప్పు

ఇక నా తప్పు. దీన్ని రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో.

ఒక గురువారం జోగారావు క్రేను సంగతి ఎత్తాడు. "పైకెక్కితే కిందికి సూడాలంటే బయిం. సేతులు వొదిలీబుద్దేస్తాది" అన్నాడు. అది విన్న నేను ఆయన్ని కూర్చోబెట్టుకుని, "ఇది డాక్టరు గారికి చెప్పాలి, నాతో రా" అన్నాను. వచ్చాడు. మిశ్రాజీ ఆ రోజు మూడు నిమిషాలు కాదు, అరగంట ఇచ్చారు. మందు మార్చారు, కొన్నాళ్ళు నేల మీద పని ఇవ్వమని కాగితం రాశారు. అంతవరకూ బాగానే ఉంది.

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక రుఆబాంధా కూరల బజారులో అప్పలనర్సమ్మ కనబడింది. నాకు సంతోషం పొంగిపోతోంది. "మీ ఆయన ఎంత బాగా మాట్లాడుతున్నాడో! క్రేను ఎక్కడానికి భయమేస్తోందని నలుగురిలో చెప్పాడు, ఎంత ధైర్యం కావాలి దానికి!" అనేశాను. ఆవిడకి ఆ సంగతి తెలీదు. మొహం పాలిపోయింది. నేను ఆ మొహం చూసి కూడా గ్రహించలేదు, వంకాయలు ఏరుకుంటున్నాను. ఆవిడ కంగారులో వాళ్ళ తమ్ముడికి చెప్పుకుంది. తమ్ముడు బావ పనిచేసే చోటే పనిచేస్తాడు. మూడు రోజుల్లో ఆయనతో పనిచేసేవాళ్ళందరికీ తెలిసిపోయింది. ఎవడో, "ఏటి జోగారావు, కిందనే ఉండిపోతావేటి?" అన్నాడట.

జోగారావు రావడం మానేశాడు. ఒక గురువారం. రెండు. మూడు. మాత్రలు కూడా మానేశాడని అప్పలనర్సమ్మ ఏడుస్తూ వచ్చి చెప్పింది. నేను వాళ్ళ క్వార్టరుకి వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"మీరెళ్ళిపోండి సిస్టరమ్మా."

అంతే అన్నాడు. గడప దాటి వచ్చేశాను. సర్జరీ వార్డులో ఎంతోమంది పోవడం చూసినదాన్ని, అలాంటి భయం ఎప్పుడూ వెయ్యలేదు. ఈయనకి ఏమైనా అయితే నా నోరే కారణం.

గురువారం వరండాలో అందరి ముందూ చెప్పేశాను. శేషగిరి గారు చార్టు వైపు చూసి, "మీరు రూలు తప్పారు. ఇక్కడి మాట ఇక్కడే అని ఉంది" అన్నాడు. తిట్టలేదు, ఓదార్చలేదు. ఉన్నమాట అన్నాడు. "ఇప్పుడేం చెయ్యాలి?"

"నన్ను రానివ్వడం లేదు" అన్నాను.

"మీరొద్దు" అంది ప్రీతి. "మేమెళ్తాం."

వాళ్ళేం చేశారో వినండి. ఎవరింటికీ వెళ్ళని శేషగిరి గారు, రుఆబాంధాలో జోగారావు క్వార్టరు ఎదురుగా ఉన్న కల్వర్టు మీద సాయంత్రం ఐదింటికి వెళ్ళి కూర్చున్నాడు. తలుపు తట్టలేదు, పిలవలేదు. ఆరవగానే లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ. ప్రీతి రోడ్డు మీద అటూ ఇటూ నడిచేది. అప్పలనర్సమ్మకి మాత్రం, ఆయన్ని ఒంటరిగా వదలొద్దు, మాట తేడాగా ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకురా అని చెప్పి ఉంచాం. మిశ్రాజీకీ చెప్పి ఉంచాం.

నాలుగు రోజులు. ఐదో రోజు తలుపు తెరుచుకుంది. జోగారావు రెండు గ్లాసుల టీతో బయటికొచ్చాడు.

"బాబూ, మీకు పనీపాటా లేదేటి?"

"ఐదు నుంచి ఆరు దాకా ఇదే పని" అన్నాడు శేషగిరి గారు.

ఆ ముక్కులోంచి బుస్సుమనే నవ్వు మళ్ళీ వచ్చిందట. ప్రీతి అక్కడినుంచే నాకు ఫోన్ చేసి అరిచింది, "దీదీ, హసే! హసే!" నవ్వారు, నవ్వారు అని. నేను ఆస్పత్రి ఫోన్ పెట్టేసి స్టూలు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

నాది కూడా ఒకటి

గురువారం జోగారావు వచ్చాడు. అందరిలోనూ క్షమాపణ అడిగాను. ఆయన విన్నాడు. తర్వాత అన్నాడు:

"సిస్టరమ్మా, మా అందరి కబుర్లూ నీ కాడున్నాయి. నీది మా కాడ ఒక్కటీ లేదు. అందుకే నీకు బరువు తెల్లేదు."

వరండాలో ఎవరూ కదల్లేదు. ప్రీతి కూడా.

నేను లేచి, నా స్టూలు పక్కకి జరిపి, వాళ్ళ వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. చెప్పాను. రెండో కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఏడాది పాటు నాకు ఏ రంగూ రంగులా కనబడలేదు. డ్యూటీ చేశాను, వంట చేశాను, గుడికెళ్ళాను. బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. అప్పటి నుంచీ మందు వాడుతున్నాను, నేను మీకిచ్చే మాత్రే. మా ఆస్పత్రిలో తెలిసిపోతుందని దుర్గ్ వెళ్ళి కొనుక్కుంటున్నాను. మా ఆయనకి తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలీదు.

"దుర్గ్ దాకానా?" అంది ప్రీతి. "ఆటోలో?"

"మోపెడ్ మీద."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్నేళ్ళుగానో మోసిన మూట, మోపెడ్ దగ్గర విప్పుకుంది! ఎవరూ సలహా ఇవ్వలేదు. ఎవరూ భుజం తట్టలేదు. జోగారావు మాత్రం, "అలగా" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత చోటు ఉందో!

మర్నాడు దుర్గ్ వెళ్ళి మిశ్రాజీకి నేనే చెప్పాను. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. ఆయన "మోతాదు ఎంత? డాక్టరుకి చూపించుకుని ఎన్నాళ్ళైంది?" అని అడిగారు. చెప్పాను. "ఏడాదిగా ఎవరికీ చూపించుకోలేదు కదా. సోమవారం అందరితో పాటు చీటీ రాయించుకుని లైన్లో రండి" అన్నారు. వెళ్ళాను. ముందు గేటు నుంచి.

నర్సు తన సంగతి రోగుల ముందు చెప్పుకోవచ్చా అని ఇప్పటి ట్రైనింగుల్లో వాదించుకుంటారు. వాదించుకోవాలి కూడా. నా బరువు దించుకోవడానికి ప్రతి వారం వాళ్ళ గంట వాడుకుని ఉంటే అది దొంగతనమే. నేను చెప్పింది ఆ ఒక్కసారే, వాళ్ళడిగితే. నా చేతిలో అధికారం తప్ప ఇంకేమీ కనబడని మనుషులకి, నా చెయ్యి కూడా వణుకుతుందని తెలియడం అవసరమైంది. మీ సంగతి మీరు ఆలోచించుకోండి.

ఇక్కడి మాట ఇక్కడే అన్నదాని కింద శేషగిరి గారు ఇంకో వాక్యం చేర్చాడు: ప్రాణం మీదికి వస్తే డాక్టరుకి చెప్పాలి. ఆ పక్కన జోగారావు చెప్పి రాయించాడు: కూరల బజారుకి కాదు.

నందినిలో

ఆ చలికాలానికి వరండాలో చోటు చాలడం మానేసింది. జోగారావు మళ్ళీ పనిలోకి వెళ్ళాడు, నేల మీద పని, దానికే అలవాటు పడ్డాడు. ప్రీతికి గోడల నిండా రంగు చీటీలు అంటించుకునే పద్ధతి శేషగిరి గారు నేర్పాడు. చీటీలు అంటించడం మర్చిపోయేది, అది వేరే సంగతి. శేషగిరి గారు ఆఫీసులో అడిగి మూల బల్ల తీసుకున్నాడు. ఏ ఒక్కరికీ జబ్బు మాయమైపోలేదు. చెడ్డ వారాలు వచ్చేవి. కానీ చెడ్డ వారం వస్తే ఎవరికి చెప్పాలో తెలుసు.

నందిని గనుల్లో పనిచేసే ఒకతను బస్సు దొరక్క గురువారాలు తప్పిపోతున్నాడని తెలిసింది. అక్కడ ఇంకా ఉన్నారట, చెప్పుకోలేనివాళ్ళు. "మనమే ఎళ్దాం" అన్నాడు జోగారావు. ఒకప్పుడు ఊఁ తప్ప అనని మనిషి!

ఒక ఆదివారం మధ్యాహ్నం జీపు మాట్లాడుకుని నలుగురం వెళ్ళాం. సున్నపురాతి దుమ్ముతో రోడ్డు పక్క చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. దారంతా ప్రీతి మాట్లాడుతూనే ఉంది, శేషగిరి గారు చెవుల్లో దూది పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు. కాలనీలో స్కూలు గది ఒకటి ఇచ్చారు. చాపలు పరిచాం. బస్సు తప్పిపోయే ఆ మనిషి వచ్చి కూర్చున్నాడు. ఐదుగురం. మొదలుపెట్టాల్సిన మూడున్నర అయింది. ఇంకెవరూ రాలేదు.

"ఎవరూ రారేమో" అన్నాను.

"నాలుగున్నర దాకా టైముంది" అన్నాడు శేషగిరి గారు.

ఇంకో పావు గంటకి గుమ్మం దగ్గర నీడ పడింది. ఒక ఆడమనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో. చీర కొంగు తల మీదుగా లాక్కుని ఉంది. లోపలికి రాలేదు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కింద. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. నేను లేవబోయాను. జోగారావు చేత్తోనే వద్దన్నాడు. లేవకూడదు కదా.

"ఇక్కడ డాకటేరెవులు?" అని అడిగింది ఆవిడ, పారిపోవడానికి సిద్ధంగా.

"డాకటేరు లేడమ్మా" అన్నాడు జోగారావు. "అందరం నీలాటోళ్ళమే."

ఆవిడ రెండో కాలు కూడా మెట్టు మీద పెట్టింది. తర్వాత చెప్పులు విడిచింది.

"అలగైతే కూకుంటాను" అంది.